ఊపిరి దగ్గర చప్పట్లు

నేను ఒక జంపఖానాను. పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు, ఎరుపూ నీలం చారలు, ఒక అంచు దగ్గర రూపాయి బిళ్ళంత కాలిన చిల్లు. ముందే చెప్పేస్తున్నాను, నేను కోపంగా ఉన్నాను. పాత వస్తువులు తమ కథ చెప్పుకుంటే, చివరికి అందరినీ క్షమించేసి ఓ మూల కూర్చుని కళ్ళు తుడుచుకుంటాయని మీకో నమ్మకం ఉంటుంది. అలాంటి కథ కావాలంటే ఏ పాత గడియారాన్నో అడగండి. నా దగ్గర దొరకదు.

పుట్టుకే అలాంటిది మరి. వరంగల్లు కొత్తవాడలో ఐలయ్య అనే ఆయన మగ్గం మీద నేను పుట్టాను. చీర నేసినట్టు జంపఖానా నెయ్యరు. ఒక్కో వరస పోగు పడగానే ఇనుప పంజా తీసుకుని దబదబా బాదాలి. పొద్దున్నించి పొద్దుపోయేదాకా బాదేవాడు. ఆయన భార్య చూడలేక, “జర మెల్లగ కొట్టరాదు, చేతులు నొయ్యవా?” అంది ఓసారి. “మెల్లగ కొడితె ఇది రెన్నెళ్ళు గూడ ఆగది. దీని మీద ఎంతమంది కూసుంటరో నీకేమెరుక?” అన్నాడు ఐలయ్య. అన్ని దెబ్బలు తిని పుట్టినదానికి శాంతస్వభావం ఎక్కణ్ణుంచి వస్తుంది?

అక్కడినుంచి లారీలో రామచంద్రపురం వచ్చిపడ్డాను. అక్కడ షామియానాలూ కుర్చీలూ వంటపాత్రలూ అద్దెకిచ్చే కొట్టువాళ్ళు నన్ను కొన్నారు. తొమ్మిదేళ్ళు పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ సభలకీ తిరిగాను. మనుషుల్ని కింద నుంచి చూడాలంటే నన్నడగండి. పైన మొహం నవ్వుతూ ఉంటుంది, కింద కాలి బొటనవేలు నా పోగుని పీకుతూ ఉంటుంది. పట్టుచీరల పెద్దమనుషులే కిళ్ళీ మరక నా మడత కింద తుడిచేసి లేచిపోతారు. ఒక పెళ్ళిలో హోమం నిప్పురవ్వ నా మీద పడింది. పురోహితుడు చూశాడు, పెళ్ళికొడుకు మేనమామ చూశాడు, ఎవరూ ఆర్పలేదు. ముహూర్తం మించిపోతోందట. కాలినది నేను గనక పరవాలేదన్నమాట.

ఆ చిల్లుతో నా పెళ్ళిళ్ళు ముగిశాయి. “దీన్ని పంపితే మాటొస్తుంది” అని కొట్టు యజమాని నన్ను మూలకి విసిరేశాడు. అక్కడినుంచి నన్ను తీసినవాడు నూకరాజు. ఆ కొట్టులో పనివాడు. షామియానా కట్టడం, కుర్చీలు వెయ్యడం, మమ్మల్ని పరవడం, అయ్యాక చుట్టి భుజానేసుకోవడం, అంతా అతనే. భాస్కరమ్మగారని, హైస్కూల్లో సంగీతం టీచరుగా చేసి రిటైరైన ఆవిడ, పిల్లలు కూర్చోవడానికి ఏదైనా పాత జంపఖానా ఉంటే చెప్పమని అతన్ని అడిగి ఉన్నారట. నూకరాజు యజమానిని బతిమాలి నన్ను రిక్షాబండి మీద వేసుకుని బయల్దేరాడు. చుట్టిన నా మీద గుర్రం ఎక్కినట్టు కూర్చుంది అతని ఏడేళ్ళ కూతురు లోవలక్ష్మి.

భాస్కరమ్మగారి వీధరుగు మీద నన్ను పరుస్తున్నప్పుడు లోపల ఎవరో పిల్లలు సరళీ స్వరాలు పాడుతున్నారు. లోవ గడపలో నిలబడిపోయింది. నూకరాజు రెండుసార్లు పిలిచాడు, కదల్లేదు. మూడోసారి చెయ్యి పట్టుకు లాగితే స్తంభాన్ని కరుచుకుంది. భాస్కరమ్మగారు నవ్వి, “రేపట్నించి పంపు నూకరాజూ” అన్నారు. “మాకెందుకండి సంగీతాలు” అన్నాడతను. “నీకు కాదు, పిల్లకి” అన్నారావిడ.

అక్కడ గడిపిన కాలం నా జీవితంలో మంచికాలం. ప్రతి నెలా మొదటి ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఆ అరుగు మీద పిల్లలు పాడేవారు. మైకు లేదు. దండలు లేవు. బ్యానరు లేదు. పక్కింటివాళ్ళు కూరగాయలు తరుగుతూ వినేవారు, పాలబ్బాయి సైకిలు దిగకుండా ఒక కాలు అరుగు మీద పెట్టి వినేవాడు. అందరికంటే కొత్తగా చేరినవాళ్ళు ముందు పాడాలి. ఆ ఇంటికి ఒకటే నియమం. పాట ఎత్తుకున్నవాళ్ళు చివరిదాకా పాడాలి, వినేవాళ్ళు చివరిదాకా కూర్చోవాలి. మధ్యలో మర్చిపోతే ఎవరూ అందించకూడదు, నవ్వకూడదు, ఊరుకుని ఉండాలి. మరిచిపోయిన ముక్క తిరిగి వచ్చేదాకా పిల్ల తాళం వేసుకుంటూ కూర్చోవచ్చు. ఒకసారి ఒక పిల్లాడు గీతం మధ్యలో ఆగిపోయి ఆరు ఆవర్తాలు, అంటే ఆరు చుట్లు, ఒట్టి తాళం వేశాడు. ఏడో దానికి పాట వచ్చింది. వాడి మొహం మీరు చూసి ఉండాల్సింది. పాట అయ్యాక మరమరాలూ వేరుశనగపప్పూ పెట్టేవారు, నా పోగుల్లో ఇప్పటికీ రెండు మూడు పప్పులు ఉన్నాయి.

పిల్లలకి కావలసింది అంతే. ఒక అరుగు, కింద ఏదో ఒకటి, మధ్యలో లేచిపోని పదిమంది మనుషులు. ఇంత చిన్న సంగతి ఊళ్ళో పెద్దవాళ్ళకి ఎందుకు అర్థంకాదో నాకు తెలియదు.

నాకు సంగీతం ఎలా తెలుసని మీకు అనుమానం రావచ్చు. తాళం వాళ్ళు తొడ మీద వేస్తారు, తొడ నా మీద ఉంటుంది. నాలుగేళ్ళు ప్రతి దెబ్బా నాలోకి దిగింది. ఎవరి చెయ్యి తడబడిందో, ఎవరు భయపడి చిల్లులో వేలు పెట్టారో నాకు తెలిసేది. లోవ చెయ్యి తడబడేది కాదు. మొదట్లో గొంతు సన్నగా ఉండేది, చివరి బెంచీలో కూర్చునే పిల్లలు మాట్లాడినట్టు. చెయ్యి మాత్రం మొదటి రోజునుంచీ గట్టిది. పదకొండేళ్ళు వచ్చేసరికి వర్ణం నేర్చుకుంది.

వర్ణం గురించి చెప్పాలి, లేకపోతే నా కోపం మీకు అర్థంకాదు. నేర్చుకునే పిల్లలకి అది పెద్ద గడప. దానికి రెండు సగాలు. మొదటి సగం చివర స్వరాలు పాడి, తిరిగి పల్లవి అందుకుని, అక్కడ ఒక్క ఊపిరి తీసుకుంటారు. ఆ తర్వాత రెండో సగం. కష్టమంతా, అందమంతా అక్కడే ఉంటుంది. ఊపిరి తీసుకునేటప్పుడు నోరు ఆగుతుంది గాని చెయ్యి ఆగదు. తాళం నడుస్తూనే ఉంటుంది.

ఇన్నేళ్ళలో నూకరాజు కూతురి పాట ఒక్కసారి కూడా వినలేదు. ఆదివారమంటే పెళ్ళిళ్ళు. గుమ్మం దగ్గర దింపేసి వెళ్ళిపోయేవాడు. ఆ వేసవిలో లోవ తల్లి రత్నం ఇంక చాలంది. ఏడో తరగతికి వస్తోంది, ఆదివారాలు పిన్ని దగ్గర కుట్టుపని నేర్చుకోవాలంది. నూకరాజేమో, “ఇది ఏటి పాడతాదో నేనొక్కసారి పూర్తిగా ఇంటాను. ఇన్నాక సెప్తాను” అన్నాడట. ఈ మాట లోవ నా మీద కూర్చుని స్నేహితురాలికి చెప్తుంటే విన్నాను. చెప్తూ చెప్తూ చిల్లు చుట్టూ దారాలు పీకింది.

సరిగ్గా అప్పుడే గంటి విశ్వపతిగారు వచ్చారు. నాదసుధా కళాసమితి కార్యదర్శి. సమితికి పాతికేళ్ళు నిండాయట, కాలవగట్టు మైదానంలో పెద్ద పందిరి వేస్తున్నారట. “మన పిల్లలకి ఒక వేదిక కల్పిద్దామండీ టీచరుగారూ. ఎంతసేపని ఇలా అరుగుల మీద?” అన్నారు. అరుగుల మీద అన్నప్పుడు ఆయన చెప్పు కొన నా అంచు మీద ఉంది. భాస్కరమ్మగారు పొంగిపోయారు. డెబ్భై ఏళ్ళ మనిషి, ఆమాత్రం మాటకి పొంగిపోవచ్చా అని నాకు ఇప్పటికీ ఉక్రోషం. లోవ పేరు చెప్పారు, పది నిమిషాల వర్ణం అని చెప్పారు. “పదేమిటండీ, పదిహేను తీసుకోండి” అన్నారాయన. పందిరి వేసేది నూకరాజు పనిచేసే కొట్టువాళ్ళే. అంటే తండ్రి అక్కడే ఉంటాడు, వింటాడు. లోవ ఆ వారమంతా నా మీద కూర్చుని వర్ణం అరగదీసింది.

ఆ రోజు నన్ను కూడా తీసుకెళ్ళారు. పిల్లకి అలవాటైన చోటు ఉంటే భయపడదని భాస్కరమ్మగారి ఆలోచన. మూడింటికి రమ్మన్నారు, మూడింటికి వెళ్ళాం. వేదిక పక్కన నన్ను చుట్టి నిలబెట్టారు. లోవ ఇస్త్రీ పరికిణీ నలగకుండా నిలబడే ఉంది. నాలుగైంది, నాలుగున్నరైంది, ఐదైంది. ముఖ్య అతిథి రాలేదు. ఆయన వచ్చేదాకా ఏదీ మొదలుపెట్టకూడదట. జనం విసుగెత్తి లేవడం మొదలుపెట్టాక విశ్వపతిగారు పరుగెత్తుకొచ్చి, “ఆ పాపని కూర్చోబెట్టేయండి, అతిథిగారు దారిలో ఉన్నారు, ఈలోపు అలా నడుస్తూ ఉంటుంది” అన్నారు.

అలా నడుస్తూ ఉంటుంది! ఏమిటి నడిచేది? ఫ్యాను నడిచినట్టు పిల్ల నడుస్తుందా? పెద్దల మధ్య ఖాళీలు పూడ్చడానికి పిల్లల్ని వాడుకోవడాన్ని ఈ ఊళ్ళలో వేదిక కల్పించడం అంటారు.

నన్ను పరిచారు. లోవ కూర్చుంది. శ్రుతిపెట్టె పెట్టారు. మైకువాడు ఆమె ముందుకి వంగి “హలో, హలో” అన్నాడు. నీళ్ళ సీసాలు పట్టుకుని ఒకాయన చెప్పులతో నా మీదుగా దాటి వెళ్ళాడు, మళ్ళీ శాలువాల పళ్ళెం కోసం వెనక్కి వచ్చాడు. లోవ ఇవేవీ చూడటం లేదు. పందిరి చివర తండ్రి నిలబడి ఉన్నాడు, అటే చూస్తోంది. తువ్వాలు మెడలోంచి తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు, గుళ్ళోకి వచ్చినవాడిలా. ఆమె పల్లవి ఎత్తుకుంది.

రెండో వరస అందుకుంటుండగానే, “నూకరాజూ! వీఐపీలకి ఇంకో పాతిక కుర్చీలు” అని కేకేశారు ఎవరో. అతను ఒకసారి వేదిక వైపు చూసి, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. లోవ చెయ్యి ఆ ఒక్క దెబ్బ బరువుగా పడింది నా మీద. ఆగలేదు. పాడింది. ఎంత బాగా పాడిందో చెప్పాలంటే నాకు మాటలు చాలవు, నేను గుడ్డని. ఆ గొంతులో సన్నదనం పోయింది. ముందు వరసలో ఒక ముసలాయన తాళం వెయ్యడం మొదలుపెట్టాడు. మొదటి సగం స్వరాలు ఒక్కటీ జారలేదు. తిరిగి పల్లవికి వచ్చింది. ఊపిరి తీసుకుంది.

చప్పట్లు.

మొదట కొట్టింది విశ్వపతిగారు. ఆయన్ని చూసి పందిరంతా కొట్టింది. మైకు అందుకుని, “ఎంతో చక్కగా ఆలపించిన చిన్నారికి అభినందనలు! సరిగ్గా ఈ శుభసమయానికే మన ముఖ్య అతిథిగారి కారు కూడా...” అన్నారు. గేటు దగ్గర కారు ఆగింది నిజమే. ఆయన కారు చూసి కొట్టారా, పాట అయిపోయిందనుకుని కొట్టారా అని చాలాకాలం ఆలోచించాను. కారు ఇంకా మలుపు తిరగకముందే చేతులు కలిశాయి. తెలియకే కొట్టారు. కారు చూసి కొట్టి ఉంటే ఇంతకంటే తక్కువ కోపం వచ్చేది నాకు. పాతికేళ్ళుగా సంగీత సమితి నడుపుతూ, ఆహ్వానపత్రిక మీద తన పేరుకి ముందు రసికశేఖర అని వేయించుకునే మనిషికి, వర్ణం ఎక్కడ సగమో ఎక్కడ పూర్తో తెలియదు.

లోవ చెయ్యి ఆగలేదు. చెప్పాను కదా, మర్చిపోయినా ఎవరేమన్నా తాళం వదలకూడదని ఆ ఇంట్లో నేర్పారు. చుట్టూ జనం లేచి గేటు వైపు తిరిగి నిలబడ్డారు. ఆమె నోరు కొద్దిగా తెరిచి, రెండో సగం గొంతులో పట్టుకుని, రెండు ఆవర్తాలు తాళం వేసింది. ఆ దెబ్బలు నాకు తప్ప ఎవరికీ తగల్లేదు.

“లోవా...” అని భాస్కరమ్మగారు దగ్గరికి వచ్చారు. విశ్వపతిగారితో, “ఇంకా సగం ఉందండీ” అన్నారు, చాలా చిన్న గొంతుతో. “అయ్యో, చక్కగా వచ్చింది కదండీ, చాల్లెండి. సోఫాలు వెయ్యాలి. ఇంకోసారెప్పుడైనా చూద్దాం, ఏవంటారు?” అన్నారాయన. ఆవిడ చేతులు జోడించి, “పరవాలేదండీ” అన్నారు. తల్లీ, పరవా ఉంది! చాలా ఉంది! నాకు నోరుంటే ఆ పందిరి కూలేలా అరిచేదాన్ని.

“ఒరేయ్ నూకరాజూ, ఆ పాత గుడ్డ లాగెయ్” అన్నారు విశ్వపతిగారు. ఆ పిల్ల అతని కూతురని ఆయనకి తెలియదు. అడగలేదు గనక తెలియదు.

నూకరాజు వచ్చి నా అంచు పట్టుకున్నాడు. లోవ ఇంకా నా మీదే ఉంది. “లెగమ్మా” అన్నాడు. ఆమె లేచింది. నన్ను చరచరా చుట్టాడు. ఆ క్షణంలో అతన్ని కూడా తిట్టుకున్నాను, దాచను. నువ్వు కూడానా అనుకున్నాను.

వేదిక మెట్ల పక్కన పడేస్తాడనుకున్నాను. ఆగలేదు. నన్ను భుజాన వేసుకుని, అతిథిగారికి ఎదురెళ్ళే జనాన్ని మోచేత్తో తోసుకుంటూ, పందిరి దాటి, చెప్పుల గుట్ట దాటి, వెనక కాలవ ఒడ్డున వంటలు చేసే చోటికి తీసుకొచ్చాడు. వెనకే లోవ. ఆమె వెనక శ్రుతిపెట్టె చంకలో పెట్టుకుని భాస్కరమ్మగారు. అక్కడ పులిహోరకి పోపు వేస్తున్న పాపాయమ్మ, కూరలు తరిగే నలుగురు ఆడవాళ్ళు, బీడీలు కాలుస్తున్న ఆటోవాళ్ళు ఇద్దరు. నూకరాజు చీపురు అడిగి నేల ఊడ్చాడు. వందమంది పెళ్ళివారికి పరిచినట్టు నాలుగు మూలలూ లాగి, మడతలు తీసి నన్ను పరిచాడు.

“కూకో. ఎక్కడాపేవు?” అన్నాడు.

“సగంలో నాన్నా.”

“నేను ముందు ముక్కా ఇన్లేదు, ఎనక ముక్కా ఇన్లేదు. మొదట్నించీ పాడు.”

సరిగ్గా మా నెత్తి మీద స్తంభానికి మైకు హారను కట్టి ఉంది. అందులోంచి అతిథిగారు మొదలుపెట్టారు. పిల్లల్లో దాగున్న ప్రతిభని చిన్నప్పుడే వెలికితియ్యాలట. వాళ్ళు పాడుతుంటే మనం ఓపిగ్గా వినాలట. నేను నవ్వలేదు. నూకరాజు తలెత్తి హారను వైపు చూశాడు. పంచె ఎగ్గట్టి స్తంభం ఎక్కి, దాని మొహం కాలవ వైపు తిప్పేశాడు. అతిథిగారు బాతులకి ఉపన్యాసం ఇస్తూ ఉండిపోయారు.

లోవ మొదట్నించీ ఎత్తుకుంది. ఈసారి గొంతులో కోపం ఉంది. కోపం పాటకి చెరుపు చేస్తుందంటారు గాని ఆ రోజు చెయ్యలేదు. పాపాయమ్మ గరిటె పక్కన పెట్టింది. తరిగేవాళ్ళు కత్తిపీటలు మడిచారు. నూకరాజు నిలబడే విన్నాడు, రెండు చేతులూ తువ్వాల్లో చుట్టుకుని. స్వరాలు అయ్యాయి. పల్లవికి తిరిగి వచ్చింది. ఊపిరి.

నూకరాజు చేతులు తువ్వాల్లోంచి బయటికి వచ్చాయి. కొట్టబోయాడు. పాపాయమ్మ అతని మోచెయ్యి పట్టుకుంది.

“ఆగెహె. సెయ్యింకా ఆడతంది కదేటి.”

అంతే. ఆవిడ ఏ సమితిలోనూ సభ్యురాలు కాదు. పిల్ల చెయ్యి వంక చూసింది, అది ఆగలేదు, గనక పాట అవలేదు. పందిట్లో కూర్చున్న మూడొందల మందిలో ఒక్కరు ఆ చెయ్యి వంక చూసి ఉంటే సరిపోయేది. ఆటోవాడు బీడీ ఆర్పేశాడు. లోవ రెండో సగం అందుకుంది.

అది ఎలా ఉందో నేను చెప్పను. మీరు రాలేదు, మీకు దక్కలేదు.

పాట నిజంగా అయిపోయాక చెయ్యి ఆగింది. అప్పుడు కొట్టారు, పదిమంది చప్పట్లు. నూకరాజు మాత్రం కొట్టలేదు. వచ్చి నా అంచు మీద చతికిలబడి మొహం తువ్వాలుతో గట్టిగా తుడుచుకున్నాడు. లోవ అతని వంకే చూస్తోంది. అతను ఆమెని చూడకుండా భాస్కరమ్మగారి వైపు తిరిగాడు.

“ఆదివారం ఎన్నింటికండీ మీ ఇంటికాడ?”

“నాలుగింటికి” అన్నారావిడ.

“అయితే ఇంక ఆదివారాలు నేను పెళ్ళిళ్ళు ఒప్పుకోనండి. కొట్టాయన ఏటంటాడో అననియ్యండి.”

ఇంతలో కాలవ వైపునుంచి మైకులో విశ్వపతిగారి గొంతు. “నూకరాజూ, ఎక్కడున్నావయ్యా? నూకరాజూ, వెంటనే వేదిక దగ్గరికి రావాలి. సన్మానం కుర్చీ వెయ్యాలి.” రెండుసార్లు పిలిచారు. మూడోసారి గట్టిగా పిలిచారు.

నూకరాజు నా మీద కాళ్ళు బాసింపట్టు వేసుకుని, సరిగ్గా సర్దుకుని కూర్చున్నాడు.

“ఇంకో పాటేవన్నా వచ్చేటమ్మా నీకు?” అన్నాడు.